డయాలసిస్ బెడ్ మీద చూసిన జోనా లోము

పరకాల పత్తి · రాత్రి 9:10

అందరికీ నమస్తే. నేను ఇక్కడ కబడ్డీ చర్చలే ఎక్కువగా చదువుతాను. ఈరోజు వేరే ఆట గురించి రాస్తున్నాను.

నాకు రెండేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే పరకాలలో బస్సెక్కి హన్మకొండ పోతాను. ఒక్కో సిట్టింగ్ నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉంది, ఆ చెయ్యి కదపకూడదు. కుడి చేత్తో ఫోన్ పట్టుకుని ఏదో ఒకటి చూస్తూ పడుకుంటాను. మొన్న కబడ్డీ వీడియోల వెనకాలే ఒక రగ్బీ వీడియో వచ్చింది. నల్ల జెర్సీ, వీపు మీద 11 నంబరు, ఇంత మనిషి. బంతి అందగానే అంచు వెంట ఒకణ్ని దాటాడు, ఇంకొకడు వెనక నుంచి తగిలితే తూలాడు, తూలుతూనే ఎదురుగా వంగి నిలబడ్డవాడి మీదుగా నడుచుకుంటూ పోయి గీత అవతల పడ్డాడు. నేను మా ఊరి జట్టులో ఎనిమిదేళ్లు రైడర్‌గా ఆడాను. పట్టుకు వచ్చినవాణ్ని ఈడ్చుకుంటూ గీత తాకిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

పేరు జోనా లోము, న్యూజిలాండ్. పేరు పట్టుకుని వెతికితే ఆటతో పాటే కిడ్నీ, డయాలసిస్ అనే మాటలు కనిపించాయి. కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ ఆట తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. జబ్బు వచ్చాక కూడా ఆడాడా, లేక అంతకు ముందు ఆడినదేనా ఇదంతా? 1995లో ప్రపంచ కప్పు గెలిపించాడని ఒకచోట చదివాను. నిజమేనా?

హన్మకొండ పీఈటీ · రాత్రి 9:48

తమ్మీ, ముందు కప్పు సంగతి. 1995లో న్యూజిలాండ్ గెలవలేదు. ఫైనల్లో దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది.

నువ్వు చూసిన వీడియో ఆ కప్పు సెమీఫైనల్‌దే అయి ఉంటుంది. 1995 జూన్ 18, కేప్‌టౌన్, ఇంగ్లండ్ మీద. ఆట మొదలైన కాసేపటికే అతనికి పాస్ వచ్చింది. అది మంచి పాస్ కూడా కాదు, వెనక పడి ఎగిరింది. దాన్ని అందుకుని టోనీ అండర్‌వుడ్‌ను బయటి నుంచి దాటాడు. వెనక నుంచి కెప్టెన్ విల్ కార్లింగ్ చెయ్యి తగిలి తూలాడు. ఎదురుగా ఉన్నది ఫుల్‌బ్యాక్, అంటే అందరి వెనక కాపలా ఉండే మైక్ క్యాట్. మిగతాది నువ్వే రాశావు. ఆ మ్యాచ్‌లో నాలుగు ట్రైలు కొట్టాడు, న్యూజిలాండ్ 45-29తో గెలిచింది. అప్పటికి అతని వయసు 20.

ఆట తెలియనివాళ్లకు: రగ్బీ యూనియన్‌లో ఒక్కో జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు పోవాలంటే పట్టుకుని పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. కూత ఒక్కటే లేదు గానీ గీత దాకా చేరాలన్న తపన మాత్రం మన ఆటదే. అందుకే నువ్వు అక్కడ ఆగిపోయావు.

జబ్బు వచ్చాక ఆడాడా అని అడిగావు. ఆడాడు. చెప్పాల్సింది చాలా ఉంది, రేపు స్కూలు అయ్యాక రాస్తాను.

కాజీపేట జంక్షన్ · రాత్రి 10:15

పత్తి తమ్ముడూ, ఆరోగ్యం జాగ్రత్త.

ఆట గురించి నా మాట వేరే. దాదాపు 120 కిలోలు, ఆరడుగుల ఐదంగుళాలు. అంత మనిషి ఎదురొస్తే ఎవరు ఆపుతారు? ఇంజను ముందు ట్రాలీ పెట్టినట్టే. దాన్ని గొప్ప ఆట అనాలా, గొప్ప ఒళ్లు అనాలా? పైగా కప్పు కూడా లేదాయె.

మెట్‌పల్లి 11 · రాత్రి 10:32

కాజీపేట అన్నా, నేను హైదరాబాద్‌లో చదువుతూ కాలేజీ జట్టులో సెవెన్స్ రగ్బీ (జట్టుకు ఏడుగురు ఆడేది) ఆడుతున్నాను. మా ఇంట్లో పసుపు పండిస్తారు, నేనేమో ఈ ఆట పట్టుకున్నాను. నా జెర్సీ నంబరు కూడా 11, వింగ్.

వింగ్ అంటే గీత అంచున ఒంటరిగా నిలబడాలి. కొన్నిసార్లు ఐదు నిమిషాల దాకా బంతి రాదు. వచ్చినప్పుడు మాత్రం పక్కన ఒక గజం ఖాళీ, ఎదురుగా ఒకరిద్దరు. లోపలికి తిరగాలా, బయటికి పోవాలా, నేరుగా ఢీకొట్టాలా అన్నది కన్ను మూసి తెరిచేలోపు తేల్చుకోవాలి. లోము 100 మీటర్లు 10.8 సెకన్లలో పరుగెత్తేవాడని చెబుతారు. 120 కిలోలతో ఆ పరుగు! ఆ రోజుల్లో వింగ్‌లో ఆడేవాళ్లు ఎక్కువమంది 80, 90 కిలోల మధ్య ఉండేవాళ్లు. అతనంత బరువున్నవాళ్లు స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవాళ్లూ గుంపుగా పెనవేసుకుని తోసుకునే చోట, తోసే పనిలో ఉండేవాళ్లు గానీ అంచు వెంట పరుగెత్తేవాళ్లు కాదు.

ఇంకొకటి గమనించండి. ఎడమ చేతిలో బంతి, కుడి అరచెయ్యి చాచి ఎదుటివాడి భుజం మీదో ఛాతీ మీదో పెడతాడు. హ్యాండాఫ్ అంటాం. ఆ చెయ్యి అర క్షణం ముందు చాచినా, వెనక చాచినా పట్టు పడుతుంది. ఇది ఒంటి బరువుతో వచ్చేది కాదు అన్నా. మా కోచ్ దాన్ని నాకు నెల రోజులు నేర్పారు, ఇంకా సరిగ్గా కుదరలేదు.

ఆక్లాండ్‌లో ఓరుగల్లు · తెల్లవారుజామున 4:20

మాది రంగశాయిపేట. ఆక్లాండ్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ మధ్యాహ్నం కావస్తోంది, భోజనం చేస్తూ ఈ చర్చ చూశాను. ఓరుగల్లు వాళ్లు లోము గురించి మాట్లాడుకుంటుంటే చాలా సంతోషంగా ఉంది.

నేను పనిచేసేది మాంగెరేకు దగ్గర్లోనే. విమానాశ్రయం పక్కనే ఉంటుంది. టోంగా, సమోవా దీవుల నుంచి పని కోసం వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే చోటు. లోము తల్లిదండ్రులు టోంగా వాళ్లు. 1975 మే 12న ఆక్లాండ్‌లోనే పుట్టాడు, కానీ పసితనంలో కొన్నేళ్లు టోంగాలో బంధువుల దగ్గర పెరిగాడు. తిరిగి వచ్చాక ఇంట్లో తండ్రి తాగుడు, దెబ్బలు, బయట గ్యాంగులు. అది అతనే తర్వాత దాచకుండా చెప్పుకున్నాడు. తల్లి ఆలోచించి ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న వెస్లీ కాలేజీ హాస్టల్లో వేసింది. మన దగ్గర కొడుకు చెడు సావాసాల్లో పడతాడని గురుకులంలో వేసే తల్లులు ఎంతమంది లేరు! అక్కడే అథ్లెటిక్స్, అక్కడే రగ్బీ.

అతను పోయినప్పుడు నేనింకా ఇక్కడికి రాలేదు. 2015 నవంబర్ 30న ఈడెన్ పార్కు స్టేడియంలో అందరికీ తలుపులు తెరిచి వీడ్కోలు సభ పెట్టారట. వెస్లీ కాలేజీ పిల్లలు హాకా (ఇక్కడి మావోరీల సంప్రదాయ నృత్యం) చేశారట. నాతో పనిచేసే టోంగా పెద్దాయన ఆ రోజు పనికి సెలవు పెట్టి పోయానని చెబుతూ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటాడు. సమాధి మనుకౌ శ్మశానవాటికలో ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లి దండం పెట్టుకుని వచ్చాను.

పరకాల పత్తి · ఉదయం 6:05

ఓరుగల్లు అన్నా, మీ పోస్టు బస్సులో చదివాను. ఈరోజు సిట్టింగ్ ఉంది. పీఈటీ సార్ రాసేది కోసం చూస్తుంటాను.

హన్మకొండ పీఈటీ · సాయంత్రం 5:40

ఇప్పుడే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ నుంచి వచ్చాను. వరసగా రాస్తాను.

స్కూల్లో లోము వింగ్ కాదు, ఫార్వర్డ్‌గా, అంటే స్క్రమ్‌లో తోసేవాళ్లలో ఆడేవాడు. 1994లో హాంకాంగ్ సెవెన్స్‌లో అతన్ని చూసి లోకం నోరెళ్లబెట్టింది. అదే ఏడాది జూన్ 26న క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్ మీద మొదటి టెస్ట్. వయసు 19 ఏళ్ల 45 రోజులు, ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) టెస్టు జట్టులో అప్పటిదాకా అంత చిన్నవాడు ఎవరూ లేరు. ఆ మ్యాచ్ ఓడిపోయారు, తర్వాతిదీ ఓడిపోయారు. వింగ్ కొత్త కాబట్టి ఎక్కడ నిలబడాలో తెలియక ఫ్రెంచివాళ్లు కాలితో తన్నిన బంతులకు తికమకపడ్డాడు. జట్టులోంచి తీసేశారు. 1995 కప్పుకు ముందు శిక్షణ శిబిరంలో ఒంట్లో దమ్ము చాలడం లేదని చివరిదాకా ఎంపిక అనుమానంగానే నడిచింది. ఆ దమ్ము ఎందుకు చాలలేదో అప్పుడు ఎవరికీ తెలియదు.

కప్పులో ఐర్లండ్ మీద 2, స్కాట్లండ్ మీద 1, ఇంగ్లండ్ మీద 4, మొత్తం 7 ట్రైలు. అప్పటిదాకా రగ్బీ యూనియన్ పేరుకైనా జీతం లేని ఆట. సరిగ్గా ఫైనల్‌కు ముందు రోజు దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బోర్డులు పదేళ్ల టీవీ ఒప్పందం ప్రకటించాయి, దాదాపు 55 కోట్ల అమెరికన్ డాలర్లు. ఆగస్టులో డబ్బు తీసుకుని ఆడవచ్చని నియమం మార్చారు. ఆ మార్పు అతనొక్కడి వల్లే వచ్చిందని అనను. కానీ టీవీలో జనం చూడాలనుకున్న మనిషి అతనే.

అదే ఏడాది చివర్లో జబ్బు బయటపడింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్. మందులు వాడుతూ 1997లో కొన్ని నెలలు ఆట మానేశాడు. మళ్లీ వచ్చాడు. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ స్వర్ణం. 1999 ప్రపంచ కప్పులో 8 ట్రైలు. తమ్మీ, ఈ అంకె మళ్లీ చదువు. జబ్బు తెలియక ముందు ఆడిన కప్పులో 7, తెలిసిన తర్వాత ఆడిన కప్పులో 8.

మొత్తం 63 టెస్టులు, 37 ట్రైలు. రెండు ప్రపంచ కప్పుల్లో కలిపి 15. ఆ రికార్డును 2015లో బ్రయాన్ హబానా సమం చేశాడు, అదీ మూడో కప్పు ఆడాక.

కాజీపేట జంక్షన్ · సాయంత్రం 6:22

సార్, మెట్‌పల్లి చెల్లె చెప్పిన హ్యాండాఫ్ మాట చదివి నిన్న రాత్రి నాలుగు వీడియోలు చూశాను. బరువొక్కటే కాదని ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక సంగతి. దక్షిణాఫ్రికా మీద 12 టెస్టులు ఆడి ఒక్క ట్రై కూడా కొట్టలేదట కదా. అన్నిటికంటే గట్టి జట్టు మీద కొట్టనప్పుడు ఎలా?

హన్మకొండ పీఈటీ · సాయంత్రం 6:50

నిజమే, ఒక్కటి కూడా లేదు. 1995 ఫైనల్లో అసలు రెండు జట్లలో ఎవరూ ట్రై కొట్టలేదు. అన్నీ కాలితో వచ్చిన పాయింట్లే, అదనపు సమయంలో దక్షిణాఫ్రికా జోయెల్ స్ట్రాన్స్కీ డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకు వదిలి పైకి లేవగానే గోల్ కర్రల మధ్యకు తన్నడం) తేలింది. లోముకు బంతి అందిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మీద పడ్డారు. కబడ్డీలో పేరున్న రైడర్ కోసం చైన్ పట్టు సిద్ధం చేసుకున్నట్టే. వాళ్ల జట్టులోని యూస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హైజెన్ కాళ్లు పట్టి పడేశాడు. ఆపడానికి ఒకే దారి ఉంది, నడుము కింద పట్టుకోవడం, వేగం అందుకోక ముందే పట్టుకోవడం. వాళ్లు ఆ పని 80 నిమిషాలూ, ఆ తర్వాతా చేశారు. ఇందులో లోము తక్కువతనం నాకు కనిపించదు, వాళ్ల గొప్పతనం కనిపిస్తుంది.

ఆ యూస్ట్ కూడా 2017లో కండరాలు చచ్చుబడే నరాల జబ్బుతో పోయాడు, 45 ఏళ్లకే. ఆ ఫైనల్ చూసినప్పుడల్లా ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

సింగరేణి సెకండ్ షిఫ్ట్ · రాత్రి 11:30

షిఫ్ట్ దిగి వచ్చి చదివాను. నెల్సన్ మండేలా దక్షిణాఫ్రికా జెర్సీ వేసుకుని కెప్టెన్‌కు కప్పు ఇచ్చింది ఈ ఫైనల్‌లోనేనా?

హన్మకొండ పీఈటీ · రాత్రి 11:38

అవును అన్నా, 1995 జూన్ 24, జొహానెస్‌బర్గ్. వేసుకున్నది కెప్టెన్ పియనార్ నంబరు, 6.

నర్సంపేట అక్క · మరుసటి రోజు మధ్యాహ్నం 2:15

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ను, 11 ఏళ్లుగా ఇదే పని. ఆట గురించి నాకు తెలియదు. పత్తి తమ్ముడి కోసం రాస్తున్నాను.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటే కిడ్నీలో జల్లెడ పాడైనట్టు. రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతుంది. మూత్రం నురగగా వస్తుంది, కళ్ల కింద, కాళ్లకు వాపు వస్తుంది. మనిషి ఊరికే అలసిపోతాడు. ఈ జబ్బుకు స్టెరాయిడ్లు ఇస్తారు, వాటి వల్ల మొహం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. ఇవన్నీ ఉన్న ఒంటితో ఒక మనిషి ప్రపంచ కప్పులో పరుగెత్తాడంటే, ఈ రోగుల్ని రోజూ చూసే నాకు అది ఎంత కష్టమో తెలుసు. మా దగ్గరికి వచ్చేవాళ్లు కొందరు రెండో అంతస్తు ఎక్కి వచ్చి పావుగంట మాట్లాడలేరు.

కానీ తమ్ముడూ, మొత్తం చెప్పకపోతే నా మనసు ఒప్పదు. నిన్న రాత్రి నేనూ చదివాను. ఆయనకు 2003లో డయాలసిస్ మొదలైంది, వారానికి మూడుసార్లు. కాళ్ల నరాలు దెబ్బతిని నడకే కష్టమైంది. 2004 జూలైలో ట్రాన్స్‌ప్లాంట్ జరిగింది. 2011లో ఆ కిడ్నీ పనిచేయడం మానేసింది, మళ్లీ డయాలసిస్. 2015 నవంబర్ 18న 40 ఏళ్లకే పోయారు. ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకో. కానీ ఫిస్టులా చేత్తో బరువులు ఎత్తడం, మళ్లీ కబడ్డీ అనడం మాత్రం వద్దు. నీళ్ల కొలత తప్పొద్దు. రెండు సిట్టింగుల మధ్య ఒంట్లో చేరే నీరే గుండె మీద భారం అవుతుంది.

పరకాల పత్తి · రాత్రి 8:30

అక్కా, మీరు చెప్పినందుకు కోపం రాలేదు. అవన్నీ నేను మొదటి రోజే చదివాను. నాకు 34 ఏళ్లు. 40 అనే అంకె చూసి ఆ రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నేను ఈ చర్చ ఎందుకు మొదలుపెట్టానో సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. లోము గురించి చదివిన ప్రతిచోటా ఒకటే మాట, జబ్బు రాకపోతే ఎంతవాడయ్యేవాడో అని. నా విషయంలో కూడా ఊళ్లో అదే మాట. "మంచి ఆటగాడు, పాపం" అంటారు. నేను ఎదురుగా ఉండగానే గడిచిపోయినవాడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. పీఈటీ సార్ 7, 8 అని రాసినప్పుడు నాకు ఊపిరి ఆడినట్టైంది. జబ్బు అతని ఆటను పక్కకు నెట్టి రాలేదు సార్, ఆటతో పాటే నడిచింది. అతను ఆడిన ఆటలో సగం పైగా ఆ జబ్బుతో ఆడినదే. దాన్ని తీసేసి అతన్ని కొలిస్తే అది అతను కాదు.

కబడ్డీ మళ్లీ ఆడను అక్కా, మాట ఇస్తున్నాను. ఊళ్లో పిల్లలకు పట్టు ఎలా విడిపించుకోవాలో గట్టు మీద కూర్చుని చెప్పడానికి మాత్రం చెయ్యి అక్కర్లేదు.

మెట్‌పల్లి 11 · రాత్రి 8:52

అన్నా, 2000 జూలైలో సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ఆడిన మ్యాచ్ తప్పకుండా చూడండి. 1,09,874 మంది స్టేడియంలో కూర్చుని చూశారు. మొదటి పది నిమిషాల్లోపే న్యూజిలాండ్ 24-0, తర్వాత ఆస్ట్రేలియా లేచి ముందుకు పోయింది. చివర్లో 35-34. అప్పుడు లోముకు అంచున బంతి వచ్చింది. ఆ గీతకూ అతని కాళ్లకూ మధ్య ఉన్న జాగా చూడండి, చాప వెడల్పు కూడా ఉండదు. 39-35తో గెలిచారు. అక్కడ అతను ఎవరినీ తొక్కలేదు, గీత దాటకుండా ఒంటిని అదుపులో పెట్టుకుని పోయాడు. నాకు 1995 ట్రై కంటే అదే ఇష్టం.

కాజీపేట జంక్షన్ · రాత్రి 9:20

అతనికి కిడ్నీ ఎవరు ఇచ్చారు? అన్నదమ్ములా?

ఆక్లాండ్‌లో ఓరుగల్లు · తెల్లవారుజామున 3:50

చుట్టం కాదు అన్నా, స్నేహితుడు. గ్రాంట్ కెరేమా అని వెల్లింగ్టన్‌లో రేడియోలో పనిచేసేవాడు. ఏడాది తిరిగేసరికి, 2005 జూన్‌లో, లోము లండన్‌లో వేరే ఆటగాడి వీడ్కోలు మ్యాచ్‌లో ఆడి ట్రై కొట్టాడు. భుజం దెబ్బతిని మళ్లీ ఆగాడు. ఆ డిసెంబర్‌లో వేల్స్ వెళ్లి కార్డిఫ్ జట్టుకు, 2006లో ఇక్కడ నార్త్ హార్బర్‌కు ఆడాడు. 2007 కప్పుకు ఆల్ బ్లాక్స్‌లోకి రావాలని ఆశపడ్డాడు, అది జరగలేదు. ఇక్కడివాళ్లు దాన్ని ఓటమిగా చెప్పుకోరు.

నర్సంపేట అక్క · ఉదయం 7:10

మన దగ్గర చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాతలు, మనవలు దగ్గరి బంధువుల కిందికి వస్తారు. స్నేహితుడు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి, డబ్బు చేతులు మారలేదని వాళ్లు నిర్ధారించుకుంటారు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి తీసుకోవడానికి జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు నమోదు చేసుకోవాలి. తమ్ముడూ, నీ పేరు నమోదైందా?

పరకాల పత్తి · ఉదయం 9:45

అయింది అక్కా, పోయిన ఏడాది. మా అక్క కూడా ఇస్తానంటోంది. ఇన్నాళ్లు నేనే వద్దన్నాను, ఇద్దరు చిన్న పిల్లల తల్లి. నిన్న రాత్రి ఈ చర్చ అంతా ఆమెకు చదివి వినిపించాను. రేడియో స్నేహితుడి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ లాక్కుని తనే చదువుకుంది. సోమవారం రక్త పరీక్షలకు తనే వస్తానంది. నేను ఔననలేదు, కాదనలేదు.

ఇప్పుడు బెడ్ మీదే ఉన్నాను, ఇంకా రెండు గంటలు ఉంది. పక్క బెడ్ పెద్దాయన కూడా చూస్తానంటున్నారు. చెల్లె, ఆ సిడ్నీ మ్యాచ్ లింకు పెట్టు.